ఝల్లుమనని గుండె

"మేడమ్, పోయింది మీ ఆయన. బస్సు కాదు."

హెడ్‌ఫోన్లలో ఈ మాట వినపడగానే ఆమె తలెత్తి అద్దం వైపు చూసింది. అద్దానికి అవతల, ఆ పొద్దునే డబ్బింగ్ స్టూడియోలో చేరిన సౌండ్ ఇంజినీరు మీటల ముందు కూర్చుని ఉన్నాడు. ఇద్దరు మనుషుల మధ్య మొదటి మాటంటే ఏ నమస్కారమో, ఏ ఎండా వానల సంగతో అయి ఉంటుంది. వీళ్ళ నుదుట ఇది రాసి ఉంది.

ఆమె మైకు ముందు నిలబడి ఉంది. తెర మీద ఏదో పరాయి సీరియల్లో కథానాయిక భర్త శవం మీద పడి గుండెలు బాదుకుంటోంది. ఆ ఏడుపుకి మన భాషలో గొంతు ఇవ్వడం ఆమె పని. పొద్దున్నుంచీ ఇస్తూనే ఉంది. మాటలు పెదవులకి అతికినట్టు కూర్చుంటున్నాయి గానీ ఏడుపు మాత్రం రావడం లేదు.

హెడ్‌ఫోన్లు తీసి కొక్కేనికి తగిలించి, బరువైన తలుపు తోసుకుని నేరుగా అతని గదిలోకి నడిచింది.

"ఆయన బతికున్నన్నాళ్ళూ నన్ను కాల్చుకు తిన్నాడు. మీరు కొత్త కదా, పాత ఎపిసోడ్లు చూసి ఉండరు. పీడ విరగడైందన్నట్టు చదివాను. తప్పా?"

ఇంజినీరు తల వంచుకుని మీటలు సవరించసాగాడు. పక్కన కూర్చున్న డబ్బింగ్ డైరెక్టరు పెద్దమనిషి, నవ్వు కనపడకుండా టీ గ్లాసులో ముఖం దాచుకున్నాడు.

ఆ స్టూడియోలో ఆమెకి కుళాయి అని పేరు. తిట్టు కాదు, పొగడ్తే. డైరెక్టరు చెయ్యెత్తితే కన్నీళ్ళు, దించితే బంద్. టీవీల ముందు కూర్చునే జనం ఆమె ముఖం ఎరగరు గానీ ఆమె ఎక్కిళ్ళని నిద్రలో కూడా గుర్తుపడతారు. అంతటి కుళాయి ఇప్పుడు ఎండిపోయింది.

కిందటేడు ఆమె మంచాన పడింది. జ్వరం కాదు, దెబ్బ కాదు. తెల్లవారుతుందంటే భయం, మనుషులంటే విసుగు, లేచి స్నానం చెయ్యాలంటే కొండెక్కినంత పని. అక్కా బావా వచ్చి తమ ఇంటికి తీసుకుపోయారు. అక్క ఈత నేర్పే టీచరు, చేతులు ఉక్కు కడ్డీలు. ఆ చేతులతో చెల్లెల్ని స్టూలు మీద కూర్చోబెట్టి, తల రుద్ది, నీళ్ళు పోసి, తుడిచి, మళ్ళీ పడుకోబెట్టేది. ఇది డిప్రెషన్ అని డాక్టరమ్మ రోజుకో మాత్ర రాసింది. వెంటనే ఏమీ కాలేదు. కొన్ని వారాలకి ఒక పొద్దున ఆకలేసింది. ఆ తర్వాత ఒక రోజు బావ చెప్పిన అరిగిపోయిన జోకుకి నవ్వొచ్చింది. నవ్వు ఎదురుచూడని బావ ఆ రోజు నిజంగానే కంగారు పడ్డాడు.

అలా మనిషి లేచి నిలబడింది, పనిలోకి వచ్చింది. కాకపోతే ఆ మందు లోయలు పూడుస్తూ పూడుస్తూ కొండల్ని కూడా కాస్త చదును చేసింది. నవ్వొస్తుంది, కోపమొస్తుంది. ఏడుపు రాదు. సంతోషం కలిగినా ఒళ్ళు పులకరించదు. బతికి బట్టకట్టిన దానికి ఇదొక లోటా అనుకుని ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, డాక్టరమ్మకి కూడా.

స్టూడియో మేడ మీద, రేకుల కప్పు కింద ఉంది. లోపల గోడలకి ఎంత దళసరి గుడ్డ బిగించినా వాన పడితే ఆ చప్పుడు మైకుల్లోకి దిగిపోతుంది. అందుకని చినుకు పడిందంటే రికార్డింగ్ ఆగిపోవలసిందే, అందరూ మెట్ల మీదికి చేరవలసిందే. ఆ మధ్యాహ్నం వరుణుడు కరుణించాడు. ఇంజినీరు రెండు టీలు పట్టుకుని ఆమె కూర్చున్న మెట్టు దగ్గరికి వచ్చాడు.

"బస్సు మాట వెనక్కి తీసుకుంటున్నానండీ."

"ఇప్పుడు బస్సు పోయినా నాకు ఏడుపు రాదులెండి," అంది ఆమె. ఎందుకు చెప్పాలనిపించిందో తెలియదు, మొత్తం చెప్పేసింది. మంచం, మాత్ర, ఎండిపోయిన కళ్ళు, అన్నీ.

అయ్యో పాపం అంటాడని ఆమె ఎదురుచూసింది. అతను అనలేదు. వైరు ఎక్కడ తెగిందో వెతికే మనిషిలా కనుబొమలు ముడిచి, "ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది? గొంతులోనా, కళ్ళలోనా?" అని అడిగాడు.

ఆమెకి ఆశ్చర్యం వేసింది. ఎలా ఉన్నావు అని అడిగినవాళ్ళున్నారు, నిద్ర పడుతోందా అని అడిగినవాళ్ళున్నారు. ఇలా అడిగినవాళ్ళు లేరు. కాసేపు ఆలోచించి, గొంతుదాకా కూడా రావడం లేదంది. ఇక్కడ ఏడవాలి అని తెలుస్తుంది, అంతవరకే.

"అయితే లోపలి నుంచి వద్దు. బయటి నుంచి కట్టుకొద్దాం," అన్నాడతను.

అలా మొదలైంది వాళ్ళ ఏడుపుల ఫ్యాక్టరీ.

ఏడుపంటే బయటికి పోయే గాలి కాదు, లోపలికి లాక్కునే గాలి అని ఇద్దరూ కలిసి కనిపెట్టారు. ఆమె మెట్లు పరుగున ఎక్కి దిగి, ఆయాసం తగ్గకముందే మైకు ముందుకొచ్చి మాట చెప్పేది. ముక్కుకి బట్టలారేసే క్లిప్పు పెట్టుకుని చెప్పేది. తువ్వాలు కొరికి పట్టి మూలిగేది. ఎక్కిళ్ళు ఎలా ఉండాలో చూపిస్తానని ఒకరోజు అతనే మెట్ల మీద కూర్చుని బావురుమన్నాడు. ఎవరో పోయారనుకుని కింది నుంచి వాచ్‌మన్ తాత కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పోయినవాడు సీరియల్లో వాడని చెబితే, అంత మంచివాడా అని అడిగాడు. ఆమెకి నవ్వాగక ముక్కు మీది క్లిప్పు ఎగిరి టీ గ్లాసులో పడింది.

కొత్త ఏడుపు విని డైరెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కుళాయికి మరమ్మతు అయిపోయిందని స్టూడియో అంతా చాటింపు వేశాడు.

మరమ్మతు చేసినవాడికి కూడా ఒక పేరు కావాలి కదా. రికార్డింగ్ ముందు అందరినీ "సైలెన్స్" అని హడలగొట్టడం అతని ఉద్యోగం. ఆ ఒక్క మాట తప్ప మిగతా రోజంతా వాగుడే. అందుకని ఆమె అతనికి సైలెన్సు అని పేరు పెట్టింది. పేరు స్థిరపడింది. మీరు పోయి నువ్వు వచ్చింది. అద్దానికి అటూ ఇటూ చూపులు మొదలయ్యాయి. ఆమె డైలాగు బాగా చెబితే అతను బొటనవేలు ఎత్తేవాడు, బాగా చెప్పకపోతే రెండు చేతులతో బస్సు స్టీరింగు తిప్పేవాడు. వాన ఎప్పుడొస్తుందా అని ఇద్దరూ రేకుల వైపు చెవులు రిక్కించి కూర్చునేవారు. పని ఆగిపోతుందని డైరెక్టరు మబ్బుల్ని తిట్టుకుంటుంటే వీళ్ళు లోలోపల దణ్ణాలు పెట్టుకునేవారు.

అలాంటి ఒక వానలో అతను అడిగేశాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు ఆ వేళ తడబడి, గొంతు సవరించుకుని, చివరికి సూటిగానే అన్నాడు.

"నాకు నువ్వంటే ప్రేమ. పెళ్ళి చేసుకుందామా?"

ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. ఎన్ని సీరియళ్ళలో ఎంతమంది అమ్మాయిల తరఫున ఈ ఘట్టం చెప్పిందో. గుండె ఝల్లుమంటుంది, కాళ్ళు తేలిపోతాయి, అన్నం సహించదు, నిద్ర పట్టదు. తనకో, అన్నం శుభ్రంగా సహిస్తోంది. పడుకుంటే పక్కింట్లో గోడ కూలినా తెలియడం లేదు. గుండె మానాన గుండె కొట్టుకుంటోంది.

"నువ్వంటే ఇష్టమే," అంది. "కానీ ఝల్లుమనడం లేదు. అది మందు వల్లో, నిజంగానే లేకో నాకు తెలియడం లేదు. తెలియకుండా అవునని చెప్పి నిన్ను మోసం చెయ్యలేను."

అతని ముఖం చిన్నబోయింది. అయినా తేరుకుని, తెలిసేదాకా ఆగుతానన్నాడు, తొందరేమీ లేదన్నాడు. ఆ మాట అన్న తీరుకే అతనికి ఎంత తొందరగా ఉందో ఆమెకి అర్థమైంది. ఇలాంటి మనిషిని ఎంతకాలం వేలాడదియ్యాలి? ఇంటికి వెళ్ళేదాకా అదే ఆలోచన. వెళ్ళాక, ఎవరినీ అడగకుండా ఒక నిర్ణయం తీసుకుంది. మాత్ర ఆపేసి చూద్దాం, ప్రేమ ఉంటే బయటపడుతుంది. తెలివితేటలు మరీ ఎక్కువైతే ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

మొదట ఏమీ కాలేదు. తర్వాత అయింది చూడండి.

ఒక ఉదయం స్టూడియో తలుపు తీసుకుని అతను లోపలికి వచ్చాడు. ఆమె తల తిప్పి చూసింది. ఝల్లు! నడినెత్తి నుంచి మెడ దాకా కరెంటు తీగ తగిలినట్టు ఝల్లుమంది. కళ్ళు తిరిగాయి, కాళ్ళు తేలిపోయాయి. ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు పళ్ళెం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. టీవీలో టూత్‌పేస్ట్ ప్రకటన చూసి, ఆ పిల్ల పళ్ళు ఎంత తెల్లగా ఉన్నాయో అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ఎగిరి గంతేసింది. ఇంకేం కావాలి? ఒక్క లక్షణం తప్పకుండా అన్నీ వచ్చేశాయి.

ఆ రోజు మైకు ముందు ఆమె నిజంగానే ఏడ్చింది. క్లిప్పులు లేవు, తువ్వాళ్ళు లేవు. డైరెక్టరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆమె చెంపలు తుడుచుకోకుండానే సైలెన్సు గదిలోకి పరుగెత్తింది.

"ఝల్లుమంది! నిన్ను చూస్తే ఝల్లుమంటోంది. నిద్ర లేదు, తిండి లేదు. ప్రేమే, అనుమానం లేదు."

అతను ఆనందం పట్టలేక కుర్చీతో సహా గిర్రున తిరిగాడు. ఆమెకి అది చూస్తూనే కడుపులో తిప్పింది. మంచినీళ్ళు తెస్తానని అతను లేస్తే, నన్ను వదిలి పోతున్నావా అని కసిరింది. కసిరినందుకు మళ్ళీ ఏడ్చింది. కాస్త గాలి పీల్చుకుందామని గోడ పట్టుకుని కిందికి దిగింది.

గేటు దగ్గర వాచ్‌మన్ తాత లేచి, బాగున్నావా అమ్మా అని పలకరించాడు. ఆమె తల తిప్పింది. ఝల్లుమంది.

ఆమె అక్కడే ఆగిపోయింది. నమ్మకం కలగక, గేటవతల పోస్టు డబ్బా వైపు తిరిగి చూసింది. దాన్ని చూసినా ఝల్లుమంది. సైకిల్ మీద పోతున్న ముసలాయన్ని చూస్తే ఝల్లుమంది. గోడ మీది పిల్లిని చూస్తే ఝల్లుమంది. లోకంలో ఇంతమందిని ఒకేసారి ప్రేమించడం ఎంతటి విశాల హృదయానికైనా సాధ్యం కాదని ఆమెకి అర్థమై, వాచ్‌మన్ కుర్చీలో కూలబడి అక్కకి ఫోన్ చేసింది.

అక్క ఈతకొలను దగ్గరి నుంచి తడి జుట్టుతోనే వచ్చి, ఆమెని డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ అంతా విన్నది. ఈ మందుని ఒక్కసారిగా ఆపేస్తే కొందరికి ఇలాగే అవుతుందని చెప్పింది. తల్లో కరెంటు కొట్టినట్టుండటం, కళ్ళు తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం.

"నేను ప్రేమ అనుకున్నాను," అంది ఆమె.

డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది గానీ నవ్వు ఆగలేదు. ఇన్నేళ్ళలో ఈ పొరపాటు ఎవరూ చెయ్యలేదంది. అంతలోనే ముఖం గంభీరంగా పెట్టింది. ఏడుపు రాకపోవడం, పులకరింత లేకపోవడం కూడా కొందరిలో ఈ మందు వల్ల ఉంటుందనీ, అది మొదటే తనకి చెప్పి ఉండాల్సిందనీ మందలించింది. ఇప్పటికి పాత మోతాదే మళ్ళీ మొదలుపెట్టమంది. కుదుటపడ్డాక మెల్లగా తగ్గించవచ్చు, మార్చవచ్చు, కానీ ఇద్దరూ కలిసి చూసుకుంటూ చెయ్యాలి.

"మాత్ర వేసుకుంటూ ఉంటే ప్రేమో కాదో నాకు తెలుస్తుందా డాక్టర్ గారూ?"

"ఆ జవాబు నేను చీటీ మీద రాసివ్వలేను తల్లీ. నీకు నువ్వే చూసుకోవాలి."

బయటికొచ్చాక అక్క ఆటో పిలవలేదు. ఫుట్‌పాత్ మీదే నిలబడిపోయింది. ఎప్పుడూ కొలను గట్టు మీద ఈల వేసి పిల్లల్ని గడగడలాడించే మనిషి గొంతు వణికింది.

"కావాలంటే నీకు మళ్ళీ తల రుద్ది స్నానం చేయిస్తానే. జీవితాంతం చేయిస్తాను. కానీ అప్పటి నీ కళ్ళున్నాయే, అవి మళ్ళీ చూడలేను. ఏ మగాడి కోసమూ చూడలేను."

అక్కని పట్టుకుని ఆమె నడిరోడ్డున ఏడ్చింది. అందులో మందు మానేసిన ఏడుపెంతో, అసలు ఏడుపెంతో ఎవరు చెప్పగలరు?

కుదుటపడే దాకా ఆమె అక్క ఇంట్లోనే ఉంది, స్టూడియోకి వెళ్ళలేదు. ఒంట్లో బాగోలేదు, వచ్చాక చెబుతాను అని అతనికి ఒక్క మెసేజి పెట్టి ఊరుకుంది. మాత్ర వేసుకుంది. కరెంటు తీగలు సద్దుమణిగాయి, నిద్ర తిరిగొచ్చింది, పళ్ళెం ఖాళీ అవుతోంది. అక్క ఇంటి కిటికీ దగ్గర కూర్చుని ఆలోచించడానికి ఇప్పుడు తల నిమ్మళంగా ఉంది. ఆలోచించిన కొద్దీ ఒక సంగతి స్పష్టంగా కనపడసాగింది. కనపడుతుంటే కూర్చోలేకపోయింది. చెప్పులు వేసుకుంది. వానొచ్చేలా ఉంది గొడుగు తీసుకెళ్ళవే అని అక్క అంటూనే ఉంది, ఆమె వీధి మలుపు దాటేసింది.

ఆమె మెట్లెక్కి వెళ్ళేసరికి చినుకులు రేకుల మీద టపటపా పడుతున్నాయి. రికార్డింగ్ ఆగింది. అందరూ బయటికి వస్తున్నారు. అతను ఒక్కడే లోపల మీటల ముందు కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచాడు గానీ దగ్గరికి రాలేదు.

"ఆ రోజు నీతో చెప్పింది లెక్కలోకి తీసుకోకు," అంది ఆమె, ఆయాసంతోనే. "అది ప్రేమ కాదు. మందు మానేస్తే వచ్చిన తిక్క."

అతని ముఖంలో రక్తం లేదు. ఆమె పోస్టు డబ్బాతో సహా అన్నీ చెప్పింది. పిల్లి దగ్గర కూడా అతను నవ్వలేదు.

"నా కోసం మానేశావా?" అన్నాడు చివరికి. అతనికి కోపం రావడం ఆమె చూడటం అదే మొదలు. "నువ్వు మళ్ళీ ఆ మంచం మీద పడి ఉంటే? నీ అక్కకి నేను ముఖం ఎలా చూపించేవాణ్ణి? ఝల్లుమనకపోతే మానె. నన్ను వద్దనుకున్నా పర్లేదు. ఇంకెప్పుడూ అలా చెయ్యనని మాటివ్వు."

"మాటిస్తాను. మాత్ర మానను. ఎంతకాలం వేసుకోవాలో డాక్టరమ్మా నేనూ చూసుకుంటాం. ఇంకో మాట ఉంది, విను."

అతను కూర్చున్నాడు. ఆమె నిలబడే చెప్పింది.

"మెట్ల మీద నీతో నవ్వింది ఎవరు? మాత్ర వేసుకున్న నేనే. వాన కోసం చెవులు రిక్కించింది ఎవరు? పొద్దున లేస్తే ఇవాళ నీకు ఏం చెప్పాలా అని కబుర్లు పోగేసుకున్నది ఎవరు? మాత్ర మానేసిన దానికి నీ జోకు కూడా వినపడలేదు, నువ్వు మంచినీళ్ళకి లేస్తే నీ మీద అరిచింది. ప్రేమని వెతుక్కుంటూ, అది ఉన్న ఇంటిని వదిలి వీధిలోకి పోయాను నేను."

అతను కుర్చీని ఆమె వైపు తిప్పుకున్నాడు.

"ఇప్పుడు నిన్ను చూస్తుంటే ఏమీ దడగా లేదు," అంది. "రోజంతా తిరిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పినట్టుంది. నాకు ఇంతే వస్తుంది. ఇది చాలుతుందా నీకు?"

అతను బల్ల మీది చిన్న మైకు తీసి చొక్కాకి ఎడమవైపు తగిలించుకుని, చేత్తో అదిమి పట్టుకున్నాడు. హెడ్‌ఫోన్లు ఆమెకి అందించాడు. ఆమె పెట్టుకుంది. చెవుల నిండా అతని గుండె. తరుముకొస్తున్నట్టు, కాలు జారుతూ, లేస్తూ, ఒకటే పరుగు.

"ఇంత కంగారేమిటి నీకు?" అంది ఆమె నవ్వుతూ.

"దడ సంగతి నేను చూసుకుంటాను. ఇద్దరికీ సరిపడా ఉంది. నువ్వు అసలు మాట ఇంకా చెప్పలేదు."

"నువ్వంటే నాకు ప్రేమ," అంది. మైకు ముందు ఎన్నోసార్లు చెప్పిన మాట. ఎక్కడా వణకలేదు, ఎక్కడా తడబడలేదు. హెడ్‌ఫోన్లలో మాత్రం ఒక దెబ్బ తప్పి, ఆ తర్వాత వాన కన్నా జోరుగా మొదలైంది. ఆమె పకపకా నవ్వింది.

ఇప్పుడు నీ వంతు అన్నాడతను. ఆమె మైకు తన గుండెల దగ్గర తగిలించుకుని చేత్తో అదుముకుంది. అతను ఇంకో జత హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని విన్నారు. ఆమె గుండె. తొందర లేదు, తడబాటు లేదు. ఒకటి, తర్వాత ఇంకొకటి, తర్వాత ఇంకొకటి.

"నేను ఆ తలుపు తీసుకుని వచ్చినప్పుడల్లా ఇలాగే ఉండేదా?" అని అడిగాడు.

"ఇలాగే."

"నేను పెళ్ళి మాట అడిగినప్పుడు?"

"అప్పుడూ ఇలాగే."

అతను కళ్ళు మూసుకున్నాడు. కిందటేడు ఈ గుండె గల మనిషి తెల్లవారడానికి భయపడిందన్న సంగతి అతనికి ఆమే చెప్పింది. ఇంకా వింటూనే ఉన్నాడు. అతని కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

వాన ఎప్పుడో వెలిసింది. తలుపు దగ్గర డైరెక్టరు చేతులూపుతూ పిలుస్తున్నాడు. ఇద్దరిలో ఒక్కరికీ వినపడలేదు.